అరవై ఒకటో పేజీ

అరచేతిలో ఇమిడే పుస్తకం.
ఉత్తరాల సర్వరుకి మందుల చీటీలాంటిది,
ఏ పోర్టు ఎందుకు, ఏ కమాండు ఎప్పుడు,
ఏ అంకె వస్తే ఏం జబ్బు.
అట్ట ఊడిపోతే పాత్రో గారు
ఎరువు బస్తా ప్లాస్టిక్కు వేసి
గోనె సూదితో కుట్టారు.

గుణుపురం జీడిపిక్కల సంఘంలో
సర్వరుండేది గోదాం పక్క కొట్టుగది.
పిక్కల చమురు వాసన ఫ్యానులోంచి లోపలికెళ్ళి
వేడిగాలై బైటికొస్తుంది.
నేను చేరిన రోజు తాళాలిచ్చి, పుస్తకమిచ్చి,
"చదవక్కర్లేదమ్మా, వెతకడం వస్తే చాల"న్నారు.
ఇప్పుడాయన పర్లాకిమిడిలో, బావమరిది కొట్లో
కొమ్ముతో చేసిన కొంగలు అమ్ముతున్నారట.

పోస్ట్‌మాస్టర్ అనే పేరుతో ఒక పెట్టె
తప్పక ఉండాలంటుంది పద్నాలుగో పేజీ.
ఆ పేరు ఎవరో తలుపు మీద కూడా రాయించారు.
పింఛను రాలేదని ఓ ముసలమ్మ
నెలనెలా నా దగ్గరికే వస్తుంది.
మొదట్లో కాదు కాదనేదాన్ని.
ఇప్పుడు కుర్చీ వేసి
అసలు పోస్టాఫీసుకి ఫోను చేస్తున్నాను.

"నాలుగుతో మొదలైన జవాబు తాత్కాలికం,
ఐదుతో మొదలైతే శాశ్వతం."
అచ్చు పక్కన పాత్రో గారి పెన్సిలు:
నాలుగంటే తలుపు గడియ పెట్టుంది.
ఐదంటే ఆ ఇల్లే లేదు.

శ్రావణంలో వంశధార
గట్టుతో పాటు కేబులూ పట్టుకుపోయింది.
లైనెప్పుడొస్తుందని అడిగితే
అకౌంట్స్ కుంతలా దీదీ "కాలి" అంటుంది.
ఒడియాలో నిన్నకీ రేపుకీ అదొక్కటే మాట.
నా చెవికి ఖాళీ అని వినబడి
క్యూ తెరిచి చూస్తాను.
ఖాళీ ఏటి, నాలుగొందల పన్నెండు.

అందులో ఎలియా రైతాది ఒకటి.
కొండ దిగి, తడిసిన చొక్కాతోనే నిలబడి
విశాఖ షావుకారుకి నా చేత రాయించాడు:
పదిహేడు బస్తాలూ పొడిగానే ఉన్నాయి,
ధర తెగ్గొయ్యకండి.

ఐదు రోజులు ప్రయత్నించి
ఆపై పంపినవాడికే తిప్పికొట్టును, అంది పుస్తకం.
అది నాలుగో రాత్రి.
టార్చి పళ్ళ మధ్య పెట్టుకుని వెతికాను.
అరవై ఒకటో పేజీ, అడుగున,
సగం చెరిగిన అక్షరాలు:
శ్రావణంలో పది చెయ్యి.
భాద్రపదం దాటాక మళ్ళీ ఐదు. మర్చిపోకు.

ఈ పుస్తకం అచ్చేసినవాళ్ళ ఊళ్ళో
వాన మర్యాదగా కురుస్తుంది కాబోలు.
ఐదు తీసి పది కొట్టాను.

ఏడోనాడు తెల్లారగట్ల లైనొచ్చింది.
ఉత్తరాలు వంతెన మీద బళ్ళలా
ఒకదాని వెనకొకటి కదిలాయి.
ఎలియా ఉత్తరానికి వచ్చిన మొదటి జవాబు
నాలుగుతోనే: కొత్త ముఖం, కాసేపాగి రండి.
పావుగంటకి తీసుకున్నారు.
ధరేమైందన్నది
ఏ పేజీలోనూ లేదు.

మొన్న దేనికో తెరిస్తే గుర్తొచ్చింది.
కార్తీకం. ఇంకా పదే నడుస్తోంది.
ఆయన పెన్సిలు కింద
నా బాల్ పెన్నుతో రాశాను:
మర్చిపోయాను. ఏం కాలేదు.