బుధవారం లెక్క

బుధవారం సాయంత్రం ఆరున్నరకి
త్రియెస్తెలో, పాత చేపల మార్కెట్ వెనక,
ఓందీనా కాఫీ కొట్టు ముందు చేరతాం.
ముందు పరుగు. తర్వాత లెక్క.
పోయిన బుధవారం నుంచి ఈ బుధవారం దాకా
ఎవరి కాళ్ళు ఎంత దూరం మోసాయో
చెమట ఆరకముందే పైకి చెప్పాలి.
అంతే. పెద్ద శాస్త్రమేం కాదు.

జ్దెంకా ముప్ఫై ఎనిమిది అంటుంది.
ఆసుపత్రిలో అన్ని రాత్రి డ్యూటీల మధ్య
ఎప్పుడు పరిగెత్తిందో ఎవరూ అడగరు.
లీవియో నలభై రెండు పాయింట్ నాలుగు.
ఆ పాయింట్ నాలుగు చచ్చినా వదలడు,
ముప్ఫయ్యేళ్ళు బ్యాంకులో చిల్లర లెక్కపెట్టిన చెయ్యి.
పుస్తకమూ వాడి దగ్గరే ఉంటుంది.
ఓందీనాది ఎప్పుడూ ఇరవై.
ఎండైనా, వానైనా, మనవరాలి పెళ్ళైనా
ఇరవయ్యే.
అబద్ధమని అందరికీ తెలుసు.
కాఫీ ఆమెది కనక ఎవరం కదపం.

నేను పడవలకు రంగులేస్తాను.
సగం రోజు నా మోకాళ్ళు నేల మీదే ఉంటాయి,
మిగిలిన సగం వాటిని బతిమాలడం.

మాలో వేగమంటే నేవ్యోదే.
సున్నపురాళ్ళ గుట్ట మీదికి నిట్టనిలువుగా ఎక్కే దారిలో
మాకు ఆయాసం, వాడికి ఈల.
అక్టోబరులో ఒక రోజు ఆ ఈల సగంలో ఆగింది.
మడమ వెనక నరం.
సైకిల్ గొలుసు తెగిన చప్పుడు
పక్కనున్న నాకూ వినపడింది.

మరుసటి బుధవారం చంకకర్రలతో వచ్చాడు.
గల్లాకి ఆనుకుని తన వంతు దాకా ఆగి
"సున్నా" అన్నాడు.
ఎవరం ఏమీ అనలేకపోయాం.
లీవియో మాత్రం పుస్తకంలో గుండ్రంగా సున్నా చుట్టి
ఒక చుక్క పెట్టి
పక్కన ఇంకో సున్నా చుట్టాడు.

అలా పదిహేడు బుధవారాలు.
మొదట జాలిపడ్డాం, తర్వాత ఇబ్బందిపడ్డాం,
తర్వాతెప్పుడో ఆ సున్నాకి
మిగతా అంకెల పక్కన చోటు దొరికింది.

ఫిబ్రవరిలో బోరా గాలి దిగింది.
డబ్బాలు, గొడుగులు, ఒకరి టోపీ,
వీధి మొత్తం సముద్రం వైపు దొర్లింది.
మూడడుగులు ముందుకేస్తే రెండు వెనక్కి.
"ఎదురుగాలిలో కిలోమీటరుని రెండుగా రాయచ్చా?" అన్నాడు లీవియో.
"నా కొట్లో అలాంటి తూకం లేదు" అంది ఓందీనా.

మార్చిలో నా మొదటి నలభై రెండు కిలోమీటర్ల పందెం.
ముప్ఫై ఒకటో రాయి దగ్గర తొడ కొయ్యబారింది.
ఎవరిదో ద్రాక్షతోట గోడ మీద కూర్చుని
గుండెల మీది నంబరు కాగితానికున్న నాలుగు పిన్నులూ
ఒక్కొక్కటే తీశాను.
కిటికీలోంచి చూస్తున్న ముసలాయన
ఏమీ అడక్కుండా సగం నారింజ చేతిలో పెట్టాడు.
ఆగిపోయినవాళ్ళని ఏరుకుంటూ వ్యాను వచ్చింది.
లోపల అయిదుగురం.
అందరి చూపులూ ఎవరి బూట్ల మీద వాళ్ళవి.

బుధవారం నా వంతు వచ్చింది.
"పదకొండు తక్కువ" అన్నాను.
"తక్కువైంది ఇక్కడ ఎవరికీ అక్కర్లేదు,
ఉన్నది చెప్పు" అన్నాడు నేవ్యో.
ముప్ఫై ఒకటి అన్నాను.
నోట్లోంచి రావడానికి
కొండ ఎక్కినంత సేపు పట్టింది.

తర్వాత వాడి వంతు.
"మూడు వందల మీటర్లు" అన్నాడు,
గుటక వేసి,
"అందులో వంద కుంటుతూ."

లీవియో కలం ఆగింది.
సున్నా, చుక్క, మూడు.
ఇన్నేళ్ళూ ఆ చుక్కని మోసుకు తిరిగింది
దీనికోసమే అన్నట్టు
మెల్లగా, నొక్కి రాశాడు.

అప్పుడు, గల్లా అవతల,
పాలు కాచే యంత్రం బుస్సుమంటుంటే
మా వైపు తిరక్కుండానే అంది ఓందీనా:
"నాది ఈ వారం నాలుగు.
పోయిన వారమూ నాలుగే."

ఆ ఆవిరి చప్పుడులో
మాకేమీ వినపడనట్టే నిలబడ్డాం.
జ్దెంకా కప్పులు అందుకుంది.
లీవియో ఇరవై అనే రాశాడు.