చీమ ఘాటు

గాజువాక వైపు గొట్టం వదిలేసిన ఊపిరిని
సిలిండర్లో పట్టి తెచ్చాం.
సోడా నీళ్ళలో తగరపు రేకు,
రేకుకి కరెంటు.
సాయంత్రానికి
గాజు గిన్నెలో చెంచాడు ఆమ్లం.
గండుచీమను నలిపినప్పుడు
వేలికంటుకునే అదే ఘాటు.

"పొగని చీమని చేసేసేవేటమ్మా!"
నవ్వేడు అసిరయ్య,
ముప్పయ్యేళ్ళు కోక్ ఓవెన్ల దగ్గర దగ్గినవాడు,
ఇప్పుడు మా ల్యాబుకి కాపలా.
తరవాత మీటరు కేసి చూసి,
"మరీ కరెంటెక్కడిది?"

పరవాడది.
బొగ్గుది.
ఈ చెంచా నింపడానికి
అక్కడింకో గొట్టం
బిందెడు ఊపిరి వదిలింది.

స్విచ్చి కట్టేశాను.
రేపు మేడమీది సోలారు పలకల నుంచి
తీగ లాగాలి.

సముద్రమ్మీద ముసురు పట్టింది.
కిటికీలోంచి మబ్బుని తిడుతున్నాడు అసిరయ్య,
బాకీ ఎగ్గొట్టినవాణ్ణి తిట్టినట్టు.