గలను

ఆటోనగర్ రెండో రోడ్డులో లేతు మిషను ఆపి
చేతులు వేస్టు గుడ్డకు తుడుచుకుని
నా ప్రశ్నల కాగితాన్ని అంచుల దగ్గర పట్టుకున్నాడు ఖాసిం పీరా,
ఇంకా చల్లారని ఇనుమేమో అన్నట్టు.

సున్నా అంటే అస్సలు చేయలేను,
వంద అంటే తప్పకుండా చేయగలను,
మధ్యలో పదేసి చొప్పున మెట్లు.
ఇంగ్లీషులోంచి తెలుగులోకి, మళ్లీ ఇంగ్లీషులోకి
తిప్పి తిప్పి సరిచూసిన వాక్యాలివి.
ఒక్క ‘గల’ దగ్గరే రెండు నెలలు కూర్చున్నాం
నేనూ మా గైడూ.

‘అనుకోని ఇబ్బంది వచ్చినా
నా పని నేను పూర్తి చేయగలను’
చదివాను.
“ఏ పని?” అన్నాడు.
ఏ పనైనా, అన్నాను.
“షాఫ్టు తిప్పడమా? మా బావమరిదితో మాట్లాడటమా?
షాఫ్టుకైతే తొంభై అయిదు, కరెంటుంటే.
బావమరిదికి... సున్నా కింద ఇంకేమన్నా ఉందా మేడం?”

నా దగ్గరున్నది ఒకటే గడి.

టీ తెచ్చిన నాంచారమ్మ గ్లాసులు దించి
నన్నూ అడగమ్మా అంది.
బుడమేరు నడుముల్లోతు వచ్చిపోయాక
బురద ఎత్తిపోసి, స్టవ్వు ఎండబెట్టి
తొమ్మిదో రోజున పాలు పొంగించిన మనిషి.
పది వాక్యాలకీ ఒకటే జవాబు:
“ఏమో, చూద్దాం.”
దానికి మెట్టు లేదు. యాభై వేశాను.
అది యాభై కాదని ఆవిడకీ తెలుసు.

అప్పుడు పీరా వెర్నియరు తీశాడు.
పాత వెల్వెట్ పెట్టె, పక్కన దూదిలో చుట్టిన నూనె సీసా.
“దీంతో వెంట్రుక కూడా కొలుస్తా.
కానీ జాబు మిషను మీంచి దిగంగానే కొలవను.
వేడి మీద ఇనుము ఎక్కువ చూపిస్తది.
మా కుర్రోళ్లు ఆత్రంగా కొలిచి, బాగుందని పంపిస్తారు,
తెల్లారేసరికి అది వదులు.”
గీతల మీద గోరు ఆనించి అడిగాడు:
“మీరు మనిషిని ఎప్పుడు కొలుస్తారు?”

నా కాగితంలో పేరుకి చోటుంది, వయసుకి, చదువుకి.
ఇప్పుడే తిట్లు తిని వచ్చావా,
ఇప్పుడే బేరం కుదిరిందా,
అడిగే చోటు పెట్టలేదు.

వారధి మీద బస్సు ఆగిపోయింది.
కింద కృష్ణ, ఇసుక ఎక్కువ, నీళ్లు తక్కువ.
పీరా కాగితం తొమ్మిదో వాక్యం మీద
నూనె బొటనవేలు,
డెబ్బయ్యో ఎనభయ్యో కనపడదు.
నాంచారమ్మ కాగితం తీసి
పది యాభైలూ కొట్టేసి
గళ్ల బయట, మార్జిన్లో, ‘చూద్దాం’ అని రాశాను.

గైడుని ఒప్పించగలనా అంటే,
ముప్పై.
బస్సు కదిలాక, నలభై.