బెండు

సిరొంచ బస్టాండు వెనక
బానయ్య షెడ్డుల లూనా ఇంజన్ ఒకటి
నాలుగు రోజులు కొక్కేనికి వేలాడింది,
తల కిందికి, గబ్బిలం లెక్క.

సడవలి అడిగింది చిన్న పని.
నావ సన్నది. సిలిండరు పైకుంటే
అడ్డపలకకు తగుల్తది,
వల గుంజేటప్పుడు మోచెయ్యి కాలుతది.
"కిందికి తిప్పి బిగించరాదే" అన్నడు,
గుమ్మడికాయను ఆ మూలకు జరుపమన్నంత సులువుగ.

బానయ్య బీడీ ఆర్పిండు.
"నాలుగు స్ట్రోకులదైతే నిన్ను పొమ్మందును.
దాని కడుపుల నూనె మడుగు ఉంటది,
తిప్పితే కక్కుకుంటది.
దీని నూనె పెట్రోల్ల కలిసే వస్తది,
లీటరుకు నలభై మిల్లీ.
తాగినంతసేపే తడి.
పండబెట్టు, నిలబెట్టు, వేలాడదియ్యి,
దీనికి కిందామీదా పట్టింపు లేదు."

"మరింకేంది?"

ఇంకేందంటే కార్బొరేటర్.
దాని గిన్నెల చిన్న ఇత్తడి డబ్బీ తేలుతుంటది.
పెట్రోలు నిండితే లేచి సూదిని నొక్కుతది,
తగ్గితే దిగి వదిలిపెడ్తది.
ఇనుమంతా తలకిందులు కానీ,
అదొక్కటి నిటారుగ ఉండాలె.

సడవలి నవ్విండు.
"బెండు అని చెప్పరాదే.
ఒక్క వలకు యాభై కడుత నేను."

ఆ మాటతోని పని నడిచింది.
పైపును కాల్చి మోచెయ్యి లెక్క వంచి
కార్బొరేటర్‌ను మళ్లా ఆకాశం దిక్కు నిలబెట్టినం.
మట్టం చూసే సామాను అహేరిలనన్నా దొరకలె.
పలక మీద సగం చాయి గ్లాసు పెట్టి
చాయి అంచు చూసుకుంట నట్లు బిగించిండు.
ఆ చాయి ఎవరూ తాగలె.
నేను టార్చి పట్టిన, అంతే.

ఇక్కడ నేను మా బడి సంగతి చెప్పొచ్చు,
ప్రార్థన మరాఠీల, తిట్లు తెలుగుల,
రేషను కార్డు మీద మా నాయిన పేరుకు
దీర్ఘం రాలిపోయి కొత్త కొమ్ము మొలిచిన సంగతి.
అండ్ల ఏది బెండో ఏది సూదో తేల్చొచ్చు.
చెప్ప. ఇది ఇంజన్ ముచ్చట.

ప్రాణహిత ఒడ్డున మొదటి తాడు గుంజితే దగ్గింది.
రెండోదానికీ దగ్గే.
మూడోదానికి అందుకున్నది, గని వెనక్కి.
రెండు స్ట్రోకులదానికి వెనకాముందూ ఒక్కటే,
ఎటు తంతే అటే తిరుగుతది.
నావ సీదా వచ్చి బానయ్య చెప్పుల మీదికెక్కింది.
"ఉల్టా! ఉల్టా!" అని పిల్లలు ఎగిరిన్రు,
మరాఠీలనో తెలుగులనో నాకు తెల్వలె,
ఆ మాట రెండింట్ల అదే.

తెల్లారి అసలుకే లేవలె.
రాత్రంతా నూనె మెల్లగ జారి
ప్లగ్గు మీద కూసున్నది.
మనకైతే నెత్తికెక్కింది అంటరు,
దీనికి నెత్తికి దిగింది.
ప్లగ్గు ఊడదీసి, అగ్గిపుల్లతోని కాల్చి,
లుంగీ కొసతోని తుడిచి,
బానయ్య సడవలిని దగ్గరికి పిలిచిండు.
"ఆపాలంటే స్విచ్చి ముట్టకు.
ఒడ్డు ఇంకా దూరమున్నప్పుడే ట్యాపు మూయి.
గిన్నెల ఉన్నది తాగి అదే ఆగుతది."

ఇప్పుడు నాకు మంచంలకెల్లి వినిపిస్తది.
తెల్లారక ముందే, ఏటి నడుమల,
ఒక్కతీరుగ కొట్టుకునే చప్పుడు.
ఎక్కడనో సడవలి చెయ్యి ట్యాపు మీదికి పోతది.
ఇంజన్ ఆగే ముందు ఒక్కసారి గొంతు పెంచుతది,
కడుపు ఎండినంక పిల్ల ఏడ్చినట్టు,
మరి సప్పుడుండది.

అక్కడికెల్లి నావ ఊరికే ఎంత దూరం జారుతదో
సడవలి లెక్క.
ఇంతవరకు ఒక్కసారే తప్పింది.
మోకాళ్ల లోతుల దిగి తోసుకుంట వచ్చిండు,
చలిల, తిట్టుకుంట.
ప్లగ్గు మాత్రం పొడిగ ఉన్నది.