నూకకు

ఓదెలు మామకు కుడిచెవు ఇనబడదు.
ఆలపల్లి డిపోల నలబై ఏండ్లు టేకు కోసిన చెవు.
అయినా రంపం తప్పు పలికితే
మూడు దుంగల అవతల కూసోని పట్టుకుంటడు.

"నూకకు," అంటడు. "గుంజు. గుంజినంక ఇడువు.
నువ్వు ఇడిస్తేనే అది గుంజుతది."
అది అంటే రంపం గాదు.
అవతలి పిడి కాడ నా యారాలు, లస్మక్క.

రెండేండ్లాయె మాకు మాటల్లేక.
ప్రాణహిత ఒడ్డున మిర్చిచేన్ల
ఒక్క సాలు, మూరెడు వెడల్పు.
దాని మీద మొదలైంది వంటింటి నడుమ తడకయ్యింది.
తడకకు బొక్కలుంటయి.
ఆమె పులుసు వాసన ఇటొస్తది,
నా పిల్ల ఏడుపు అటు పోతది,
మాట ఒక్కటే ఇరుక్కుంటది.

పంపకాలల్ల మా అత్తగారి సందుగ తెగింది,
ఇత్తడి గంగాళం తెగింది,
మా మామ రంపం తెగలే.
కోస్తె అది రంపమే గాదాయె.
తడక మీదనే యేలాడదీసినం,
ఒక పిడి వాళ్ళ దిక్కు, ఒక పిడి మా దిక్కు.

ఫారెస్టోళ్ళు శర్యతు పెడుతున్నరని
ఓదెలు మామ వచ్చి దాన్ని దించిండు.
ఆడోళ్ళ జోడీకి మొదటి బహుమానం కుట్టుమిషన్.
గెలిస్తే అది తడకకు ఏ పక్కనుంటదో
ఆయన అడగలే, మేము చెప్పలే.

మొదటి దినం నేను నూకిన.
రంపం నడుమ వంగి బుస్సుమన్నది.
"బలమెందుకే? దాని బరువు దానికి సాలు.
పిడిని కోడిగుడ్డు లెక్క పట్టు.
చేతులతోని గాదు, మడిమెలతోని గుంజు.
అవతలామె మొకం సూడకు, కోత గీత సూడు."
ఈ ఆఖరుది మాకు అల్కగనే వచ్చింది.

పొద్దుమీకి ఆకురాయి పట్టి పండ్లు సాన.
నాలుగు కోసేటివి, ఒకటి ఊడ్చేది.
ఊడ్చే పన్ను ఎంట్రుకంత పొట్టిగుండాలె,
లేకుంటె కోసేటివి ఊరికె గీరుతయి.
పొట్టు పిండి లెక్క రాలితె మామ ఉమ్మేసేటోడు.
దారం పోగుల్లెక్క పొడుగ్గ చుట్టుకొని వస్తె
బీడి ముట్టించేటోడు.
ఇరవై దినాలకు ఒక్క బీడి ముట్టించిండు.

ఎనిమిదో దినమో తొమ్మిదో దినమో
ఆమె ఎడమ భుజం నొస్తున్నదని
పిడిలకెల్లి నాకు తెలిసింది.
అటు పోయేటప్పుడు చివర్ల చిన్న వణుకు.
ఎవరికి చెప్పలే.
నా గుంజుడు రవ్వంత ఆపి ఇడిసిన.
ఆమెకు తెలిసిందో లేదో.
నా మొగని దమ్ము ఎక్కడ తెగుతదో నాకు తెల్వదు,
ఈమెది తెలుసు.

శర్యతు నాడు శిట్టీ కొట్టిండ్రు.
ఏక్, దోన్, తీన్.
పెద్ద దుంగ, పానం తీసినా ఇంకా నూనె కారుతున్నది.
సగం కోత దాటినంక బిగిసింది.
పక్క దుంగల కాడ ఏటపల్లి మాడియా అక్కాచెల్లెండ్లు
ఊపిరి సప్పుడు గూడ లేకుండ కోస్తున్నరు.
నా చేతులు అప్పటికే నూకవట్టినయి.

"గ్యాసునూనె."

లస్మక్క గొంతు. రెండేండ్లల్ల కొంచెం బొంగురువోయింది.
సీస నా కాలి కాడుండె.
కోతల పోసిన.
మల్ల ఎవ్వరం ఏం మాట్లాడలే,
బిళ్ళ తెగి బురదల పడి దొర్లిందాకా.

మాది మూడోది. మూడోదానికి చప్పట్లే.
కుట్టుమిషన్ ఏటపల్లి జీపెక్కింది.
ఓదెలు మామ మాతోని రాలే,
"మూడో గుంజుడు కాడ తొందరపడ్డరు," అని మాత్రం తిట్టిండు.

సిరొంచ బస్సుల గోనెసంచి చుట్టిన రంపం
సీట్ల నడుమ అడ్డం.
"ఎవరిది ఇది?" కండక్టరు.
లస్మక్క కిటికీల నుంచి బయట సూసింది.
లగేజి పైసలు నేనే ఇచ్చిన.

మా స్టేజీ వచ్చింది. తలుపు ఇరుకు.
ఆమె ముందు దిగి, ఎనక్కి తిరగకుండ,
తన పిడి పట్టి గుంజింది.

నేను ఇడిసిన.