రెండేళ్ల ఒప్పందం

ఈరీ ఊళ్లో మంచు నవంబరులో మొదలైతే
ఏప్రిల్ దాకా ఎవరి మాటా వినదు.
మాల్ లోపల మాత్రం ఏడాదంతా ఒకటే రుతువు,
ట్యూబులైట్లు, దాల్చినచెక్క రొట్టెల వాసన.

నాది ఎర్ర కౌంటరు.
ఎదురుగా నారింజ రంగుది మార్సెల్లా విజ్నెవ్‌స్కీది.
మధ్య దూరం పదకొండు అడుగులు.
బేరం తగలని ఒక మంగళవారం
నేనే నా బూట్లతో కొలిచాను.

ఆ ఫోను వాళ్లకే ఇచ్చారు.
ఒకే ఒక్క గుండ్రటి మీట, మిగతాదంతా అద్దం.
పిల్లలు దాన్ని ముట్టుకుని
వేళ్ల ముద్రలు అక్కడ వదిలి,
నా దగ్గరికొచ్చి "మీ దగ్గరుందా?" అనేవాళ్లు.

లేదు అనకూడదు.
పై ఆఫీసు కాగితంలో రాసుంది:
"లేదు" అన్నచోట
"మా దగ్గర అంతకంటే మంచిది ఉంది" అనాలి.
అందని ద్రాక్ష పుల్లనని
ఆరు వాక్యాల్లో, నవ్వుతూ
చెప్పడం నేర్పారు మాకు.

మాది బరువైన ఫోను.
పక్కకి జరిపితే కింద అక్షరాల పలక,
ఎలుకలబోను పడ్డట్టు చప్పుడు.
నేను అమ్మింది ఆ చప్పుడునే,
కొన్నది కూడా దాన్నే అనుకుంటా చాలామంది.

నా వెనక గోడమీద పటంలో దేశమంతా ఎరుపు,
తట్టు పోసిన బిడ్డ ఒళ్లులాగా.
ఆమె పటం చిల్లుల కంబళి.
"ఏయ్ ఎర్రోడా, నీ పటానికి జ్వరం తగ్గిందా?"
"నీ కంబళికి మాసికలు వేశావా?"
పొద్దున్నే ఒకసారి, షట్టర్లు దించేముందు ఒకసారి.
మధ్యాహ్నం ఆమె తెచ్చిన పియెరోగీలు
ఇద్దరం ఒకే డబ్బాలోంచి.

జనవరిలో ఎర్ల్ గుస్తాఫ్‌సన్ వచ్చాడు,
గడ్డంలో ఇంకా కరగని మంచుతో.
"సరస్సు గడ్డకట్టాక రెండు మైళ్లు లోపలికి పోయి
కన్నం పెట్టి చేపలకి కూచుంటాను.
పగులు వస్తే అరవాలి.
అక్కడ ఎవరిది పలుకుతుంది?"

నా కాగితంలో దీనికి వాక్యం లేదు.
ఆమె కాగితంలోనూ లేదు.

ఆదివారం ఇద్దరం వెళ్లాం, చెరో ఫోనుతో.
కాళ్లకింద సరస్సు ఎక్కడో మూలుగుతోంది.
నాకొక గీత.
ఆమెకి లేదు.
మూడడుగులు ఎడమకి జరిగితే ఆమెకి రెండు,
నాది చచ్చింది.
ఇంకో పదడుగులు వేస్తే రెండూ పోయాయి,
తర్వాత చలికి బ్యాటరీలు కూడా.
తెల్లగా, ఏ రంగూ లేకుండా,
ఎటు చూసినా ఎవరి పటమూ కాని చోటు.
మార్సెల్లా రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని ఈల వేసింది.
ఒడ్డున ఒక కుక్క మొరిగింది.

సోమవారం ఎర్ల్‌కి
ఇద్దరం కలిసి ఒకే సలహా ఇచ్చాం.
అతను ఆటసామాన్ల కొట్టుకి పోయి
నాలుగు డాలర్లు పెట్టి ఈల కొనుక్కున్నాడు.
ఆ రోజు మాకిద్దరికీ కమీషన్ సున్నా.

ఆ తర్వాతి చలికాలంలో
వాళ్ల గుత్తాధికారం గడువు తీరింది.
గుండ్రటి మీట మా దగ్గరికీ వచ్చింది,
ఎలుకలబోనుకి చుట్టమైన ఒకటి వాళ్ల దగ్గరికీ.
అదే గాజు, అదే పెట్టె,
ధరలో తేడా తొంభైతొమ్మిది సెంట్లు.
నా కౌంటరు ముందు వరుస కట్టారు,
రొట్టెల కొట్టు దాకా.
ఆ సందులోంచి మార్సెల్లా చెయ్యెత్తి అరిచింది:
"ఇక దేనిమీద పోట్లాడుకుంటాం?"
జవాబిచ్చే తీరిక లేదు, సంతకాలు పెట్టిస్తున్నాను,
ఒక్కొక్కరికీ రెండేళ్లు.

జూన్‌లో వాళ్ల కౌంటరు ఎత్తేశారు.
తనని క్లీవ్‌లండ్ పంపారన్నారు.
నంబరుంది నా దగ్గర,
నెట్‌వర్కు కూడా నిండుగా, అయిదు గీతలు.

కౌంటరు ఉన్నంతమేరా
నేల పలకలు ఇంకా తెల్లగానే ఉన్నాయి.
జనం ఎందుకో దాన్ని తొక్కరు,
పక్కనుంచి చుట్టి పోతారు.