మూడో టేపు

సాయంత్రం ఐదున్నరకు గల్లాపెట్టె మూస్తారు.
నా పని అప్పుడు మొదలయ్యేది.

కర్నూలు పాతబస్తీలో
నాలుగు మెట్లు దిగి పోయే సహకార బ్యాంకు.
ఆ పొద్దు జమలూ ఖర్చులూ, కుదువ పెట్టిన నగల వివరాలూ
అరచేతిలో పట్టే టేపులోకి ఎక్కించేదాన్ని.
ఒకటి ఇనప్పెట్టెలో పడుకునేది.
ఒకటి నా టిఫిను క్యారియర్లో, ఖాళీ పప్పుగిన్నె కింద,
కల్లూరు దాకా సిటీ బస్సులో నాతో నిలబడి వచ్చేది.
మూడోది శనివారం శనివారం
కండక్టర్ మద్దిలేటి సంచీలో నంద్యాల పోయేది.
క్యాషియర్ నవ్వేవాడు:
"దొంగ వస్తే దుడ్లెత్తుకపోతాడు గానీ
అంకెలెత్తుకపోతాడా మేడం?"

నాకు దొంగ భయం లేదు.
ఒకసారి పదకొండు వారాలు
నంద్యాలకు ఖాళీ టేపులు పంపినాను.
రాసే మిషను తలకు దుమ్ము పట్టింది.
'అయింది' అని తెర మీద పచ్చగా పడుతుంటే నమ్మినాను.
ఎవరికీ తెలీలేదు. నాకు తెలిసింది.
ఆ రాత్రి ముద్ద దిగలేదు.
అప్పటి నుంచీ రాసిన ప్రతిదాన్నీ
వెనక్కి చదివించి గానీ లైటు ఆర్పలేదు.

అకౌంటెంట్ హుసేన్ పీరా సార్
బ్యాంకుకు రాకముందు బడిలో తెలుగు చెప్పినాడు.
"ఎనిమిది గళ్లకు తొమ్మిదోది ఒకటి ఎక్కువ రాస్తుందే, ఎందుకమ్మా?"
"కాపలా గడి సార్. ఎనిమిదిలో ఒకటి పోతే
మిగిలినవీ ఇదీ కలిసి పోయినదాన్ని చెబుతాయి."
కళ్లద్దాలు తుడుచుకుంటా అన్నాడు:
"ఓహ్, ప్రాస!
తాటాకులో మూడో పాదం రెండో అక్షరం పురుగు తినిందనుకో,
తక్కిన మూడు పాదాలూ దాన్ని పట్టిస్తాయి.
హల్లు వరకే సుమా.
గుణింతం మనం తిప్పలు పడాల."

రెండువేల తొమ్మిది, అక్టోబరు రెండు. సెలవు.
తుంగభద్ర ముందు నుంచి వచ్చింది, హంద్రీ వెనక నుంచి.
మూడో రోజు తలుపు పగలగొడితే
కంప్యూటర్ మీద బురద, బురద మీద చిన్న చేప.
ఇనప్పెట్టెలో టేపు ఉప్పుడు బియ్యంలా ఉబ్బింది.
బంగారానికి ఏమీ కాలేదు.
దానికి కట్టిన చీటీలే
పిండై, గుడ్డసంచులకు అంటుకోనున్నాయి.
రెండువందల పైచిలుకు సంచులు.
ఎవరిది ఏదో చెప్పే అక్షరం ఒక్కటి లేదు.
వరండాలో జనం. అరుపులు లేవు.
అదే భయమేసింది.

నంద్యాల టేపు దసరా ముందు శనివారం దాకా తు.చ. తప్పకుండా చెప్పింది.
పండగ తర్వాత మూడు రోజులు నా క్యారియర్లో ఉన్నాయి.
అటక మీద పెట్టినా చెమ్మ తగిలింది.
చదువుతా చదువుతా మిషను ఆగేది,
ముసలాయన పేరు మర్చిపోయినట్టు,
ఆగి, పక్కవాళ్లనడిగి, మళ్లీ నడిచేది.
పీరా సార్ నా కుర్చీ వెనకే నిలబడి
ఒక్కో పేరు బయటపడినప్పుడల్లా
"వచ్చింది, ప్రాస కలిసింది" అనేవాడు.

బోయ సుంకులమ్మ, గార్గేయపురం.
బోరు మోటారు కాలిందని పెట్టింది.
కమ్మలు జత. పదకొండు గ్రాముల నాలుగొందల మిల్లీలు.
ఎడమదానికి కింది కెంపు లేదు.

ఆ లేని కెంపుతోనే దొరికింది సంచి.
ఆమె కమ్మను వెలుతురుకు పట్టి
ఆ గుంతను గోటితో తడిమింది.
"ఇది యాడ పోయిందో నా పెండ్లప్పుడే పోయింది.
మీ మిషనుకు అదీ తెలుసునా?"

ఏడు సంచులు మాత్రం మిగిలినాయి.
ఒకే వరుసలో రెండేసి గళ్లు చెడిపోయిన చోట
కాపలా గడి ఒంటరిగా ఏం చెబుతుంది?
సార్ ఏడు తెల్ల కాగితాల మీద తూకాలు రాసి
గోడకు అంటించినాడు.
ఒకామె రోజూ వచ్చి చదివేది.
నాకు ఆమె ముఖం గుర్తుంది. పేరు లేదు.

ఇప్పుడు టేపులు పోయినాయి, చిన్న డిస్కులు.
క్యారియర్ అదే.
పప్పుగిన్నె కడిగి, తుడిచి, పూర్తిగా ఆరినాకే
దాన్ని అందులో పెడతాను.